బోర్లించిన చెంబు

పొద్దున కాఫీ కాచగానే అక్కయమ్మ గిన్నె పట్టుకొని మొగుడి ముందు నిలబడి "పొయ్యనా?" అని అడుగుతుంది. రోజూ తాగే మనిషే, రోజూ తాగే లోటానే. అయినా అడుగుతుంది, అడిగి ఆగుతుంది. అశ్వత్థప్ప ఊఁ అంటేనే గిన్నె వంచుతుంది. అతను చెయ్యి అడ్డం పెడితే అక్కడికక్కడే నిలిపేస్తుంది. మగ్గం పనికి వచ్చినవాళ్ళకైనా, ఊరినుంచి దిగిన బంధువులకైనా ఇదే పద్ధతి. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు వద్దు వద్దంటుంటే ఇంకో గరిటె వేయడమే మర్యాద అనుకొనే బెంగళూరు కబ్బన్‌పేటలో ఇది కొంచెం వింతే.

"ఆయమ్మ ఇంటికి పోతే కడుపు నిండా అడుగుతుంది, అన్నం మాత్రం మనమే అడుక్కోవల్ల" అని ఎదురింటి సొన్నమ్మ నవ్వుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెది గట్టి చెయ్యి అనుకుంటారు. పాతవాళ్ళకు సంగతి తెలుసు. ఒకప్పుడు ఆ పేటలో అక్కయమ్మంత బలవంతంగా వడ్డించే మనిషి ఇంకొకరు లేరు.

ఆమెకు ఇద్దరు తమ్ముళ్ళు. తల్లి పోయేనాటికి పెద్దవాడు చిక్కమునియప్పకు ఇంకా మీసం మొలవలేదు, చిన్నవాడు గురప్పకు పాలపళ్ళు ఊడలేదు. ఇద్దరినీ వెంటబెట్టుకొని అత్తగారింటికి వచ్చింది. అశ్వత్థప్ప ముఖం చిట్లించలేదు. మగ్గానికి రెండు చేతులు తక్కువగా ఉండె, నాలుగు వచ్చినాయి అని అందరితో చెప్పుకొని నవ్వాడు. కానీ యుద్ధం రోజుల్లో చిక్కమునియప్ప పటాలంలో చేరాడు. ఓడ ఎక్కేముందు బొంబాయి నుంచి ఒక కార్డు రాశాడు. ఆ ఓడ ఎక్కడైనా ఒడ్డు చేరిందని మాత్రం ఎవరూ రాయలేదు. అప్పటినుంచి సముద్రం అన్న మాట ఎవరన్నా ఎత్తితే అక్కయమ్మ అక్కడినుంచి లేచిపోయేది. మిగిలినవాడు గురప్ప ఒక్కడు. వాడికి పెట్టిన ముద్ద తన కళ్ళముందు గొంతు దిగితే తప్ప ఆమెకు నమ్మకం కుదిరేది కాదు.

గురప్ప పగలంతా మగ్గం గుంతలో కూర్చునేవాడు, తెల్లవారుజామున గరిడికి పోయేవాడు. వెనక సందులో ఉండేది ఆ కుస్తీల ఇల్లు. లోపల ఎర్రమట్టి గుంత, గోడ గూట్లో ఆంజనేయస్వామి, గద్దె మీద కుస్తీ నేర్పే ఉస్తాదు నరసింహప్ప. ఆడవాళ్ళు ఆ గడప దాటరు. దాని బదులు వాళ్ళకు ఇంటి గడప దగ్గర ఒక పని ఉంది. కుస్తీకి పోయే రోజు స్వామికి చూపించిన పాలు ఇత్తడి చెంబు నిండా పోసి, మగవాడు గడప దాటబోయేముందు ఇవ్వాలి. అతను నిలబడే తాగి, చెంబును గడప మీద బోర్లించి పోవాలి. తిరిగి వచ్చేదాకా ఆ చెంబును ఎవరూ ఎత్తరు. వాళ్ళ అమ్మ, నాన్నకు అలాగే ఇచ్చేదట. అమ్మ చెంబుతోనే అక్కయమ్మ తమ్ముడికి ఇచ్చేది. ఆ పాలు తాగిపోయిన కుస్తీ ఏదీ గురప్ప ఓడలేదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవిలో నరసింహప్ప ఒక కబురు మోసుకొచ్చాడు. లండనులో ఒలింపిక్ పోటీలు జరగబోతున్నాయి, మన జెండా పట్టుకొని మనవాళ్ళు పోతారు, దక్షిణాది కుస్తీవాళ్ళకు ఎంపిక పోటీ మన బెంగళూరులోనే. ఆయన దాన్ని గరిడిలో ఒకసారి చెప్పి ఊరుకోలేదు, పేటలో ప్రతి అరుగు మీదా చెప్పాడు. మునుపు ఇలాంటి వాటికి ఎవరు పోవాలో పెద్దమనుషుల సిఫారసులు తేల్చేవి, గుర్రబ్బండిలో వచ్చినవాడికి ఒక తూకం, నడిచొచ్చినవాడికి ఇంకో తూకం ఉండేది అన్నాడు. ఈసారి అలా కాదు. బరువును బట్టి తరగతులు కట్టి, ఒక్కో తరగతికి ఒక గీత గీశారు. పోటీ రోజు పొద్దున అందరినీ ఒకే కాటా మీద నిలబెడతారు, గీత దాటినవాడు ఎవరి కొడుకైనా సరే ఇంటికి. గీత లోపల ఉన్నవాళ్ళు కుస్తీ పట్టాలి, గెలిచినవాడు బొంబాయికి పోయి ఆఖరి పోటీలో దిగాలి. అక్కడా గెలిస్తే ఓడ.

"మనిషిని కట్టెలు తూచినట్టు తూచేదేంది? పడేసినోడు గెలిచినోడు, అంతే గదా" అన్నాడు అశ్వత్థప్ప.

"నిన్ను తూచితే కట్టెలకన్నా తక్కువే వస్తావు లేప్పా" అని నరసింహప్ప నవ్వి, ఆ కాటానే మనలాంటోళ్ళకు దిక్కు అన్నాడు.

గురప్ప తరగతిలో గట్టివాడు ఇంకొకడే, బళేపేట లక్ష్మీనారాయణ. ఉన్నవాళ్ళ పిల్లవాడు, మంచివాడు. దసరా కుస్తీల్లో గురప్ప అతన్ని వెల్లకిలా పడేసిన సంగతి పేటంతా చూసింది. అందుకని కుస్తీ గురించి ఎవరికీ బెంగ లేదు, బెంగంతా గీత గురించే. గురప్ప ఎముక లావు మనిషి, ఆ గీత అతనికి బిగుతు. నెల ముందునుంచే సంగటి తగ్గించాడు. చివరి రోజుల్లో కంబళి కప్పుకొని ఎండలో పరుగెత్తేవాడు, నోట్లో ఊరిన తడిని కూడా ఉమ్మేసేవాడు. దవడలు లోపలికి పోయాయి. అక్కయమ్మ వడ్డించబోతే విస్తరి మీద రెండు చేతులూ కప్పేవాడు. ఆమె ఆ చేతుల మీదే గరిటె పట్టుకొని నిలబడేది.

నరసింహప్ప ఆమెను పిలిచి మరీ చెప్పాడు. తూకమయ్యేదాకా నీళ్ళు కూడా వద్దు, తర్వాత నీ ఇష్టం, చెరువంతా తాపించు అన్నాడు. అక్కయమ్మ సరేనని తల ఊపింది. వినలేదనడానికి లేదు.

తూకానికి సిపాయిల దండు నుంచి రావలసిన కాటా రాలేదని, పేటలోనే కట్టెల డిపో పెట్టుకున్న వెంకటగిరియప్ప కాటాను అడిగారు. సర్కారు ముద్ర ఉన్న కాటా, మాట పడని మనిషి. ముందు రోజు సాయంత్రం దాన్ని బండికి ఎత్తేముందు గురప్పను దాని మీద నిలబెట్టి చూశాడు. కడ్డీ గీత కిందనే ఆగింది. రాత్రికి ఇంకా కొంచెం తగ్గుతాడు, భయం లేదు పో అన్నాడు.

పొద్దున గురప్ప స్నానం చేసి, స్వామికి మొక్కి, గడప దగ్గరికి వచ్చాడు. అక్కయమ్మ చెంబుతో నిలబడి ఉంది.

"వద్దక్కా, తూకం ఉండాది."

"దేవుని పాలకు తూకమేందిరా?"

అతను చెంబు వైపు చూడకుండా ఉండాలని చూశాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అశ్వత్థప్ప అప్పటికే బండివాళ్ళతో పోయాడు, సందులో ఎవరూ లేరు. ఎండిన నోటితో ఎవరినైనా గడప దాటించినామా, అమ్మ ఉండింటే ఊరుకునేనా అని ఆమె అడిగింది. గురప్ప చెంబు అందుకున్నాడు. సగం దాకా ఒక్క గుక్కలో పోయింది. అక్కడ ఆగి, చెంబు దించి, ఊపిరి పీల్చుకున్నాడు.

"చాలక్కా."

"సగం తాగి బోర్లిస్తారా ఎవరన్నా? తాగప్పా. మొత్తం తాగు."

అతను ఆమె ముఖం చూశాడు. తర్వాత తల వెనక్కి వంచి మొత్తం తాగాడు. చెంబు గడప మీద బోర్లించి, మెట్లు దిగి పోయాడు.

మైదానంలో జరిగింది అశ్వత్థప్ప చూశాడు, అతని నోటనే ఆమె విన్నది. గురప్ప కాటా ఎక్కగానే కడ్డీ పైకి లేచి కొట్టుకుంది, మళ్ళీ దిగలేదు. ఒక పౌను ఎక్కువ అన్నారు. గంట కొట్టేదాకా గడువుంది, తగ్గించుకొని రావచ్చు అన్నారు. గురప్ప కంబళి చుట్టుకొని మైదానం చుట్టూ పరుగెత్తాడు. మళ్ళీ ఎక్కాడు, కడ్డీ దిగలేదు. నరసింహప్ప అతన్ని డేరా వెనక్కి లాక్కుపోయాడు. ఏమన్నా తాగింటే చెప్పురా, గొంతులో వేలు పెట్టి కక్కు, సరిపోతుంది అన్నాడు. ఏమీ తాగలేదన్నాడు గురప్ప. మళ్ళీ అడిగినా అదే మాట. అంతలో గంట కొట్టారు.

నరసింహప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకొని, బొంబాయి నుంచి వచ్చిన ఎంపిక పెద్దాయన దగ్గరికి పోయాడు. ఒక పౌను బరువుతో ఎవరూ ఎవరినీ పడేయరు సామీ, ఇద్దరినీ మట్టిలోకి దింపండి, ఎవరు పోవల్లో మట్టి చెబుతుంది అన్నాడు. ఆ పెద్దాయన కోపగించుకోలేదు. మీవాడు గొప్పవాడే అయ్యుండొచ్చు, కానీ ఇవాళ మీకు ఒక పౌను వదిలితే రేపు ఒక జమీందారు కొడుక్కి రెండు వదలాలి, ఈ కాటా లేని రోజుల్లో మీ పిల్లల్ని ఇక్కడిదాకా రానిచ్చిందెవరు అని అడిగాడు. నరసింహప్ప తలపాగా చుట్టుకొని వెనక్కి తిరిగాడు. అరుగు అరుగుకూ తాను చెప్పుకొచ్చిన మాటే అది.

లక్ష్మీనారాయణ మిగిలినవాళ్ళను పడేసి గెలిచాడు. మెడలో దండ వేస్తున్నప్పుడు తల ఎత్తలేదని అశ్వత్థప్ప అన్నాడు.

గురప్ప చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. బోర్లించిన చెంబు గడప మీద అలాగే ఉంది. దాన్ని అతనే ఎత్తి, లోపలికి తెచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న అక్క పక్కన పెట్టాడు. ఆమె నోరు తెరవబోయింది.

"ఏమీ అనద్దక్కా. ఎవరితోనూ అనద్దు. పోయింది పోయె."

తమ్ముడు మాట తీసుకున్నాడు కాబట్టి చెప్పలేదని ఆమె తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ మాట వినగానే గుండె మీదినుంచి ఏదో దిగినట్టయింది. ఆ దిగడమే ఆమెను తర్వాత ఎక్కువగా బాధపెట్టింది.

కొన్నాళ్ళకు పేటలో ఒక అనుమానం పుట్టింది. ముందు సాయంత్రం గీత కింద ఉన్నవాడు, రాత్రంతా నీళ్ళు కూడా ముట్టనివాడు, తెల్లారేసరికి ఎలా పెరిగాడు? మనిషి మారలేదు, మరి మారింది కాటానే కదా. లక్ష్మీనారాయణది ఉన్న ఇల్లు, వెంకటగిరియప్పది అమ్ముకొనే బతుకు అన్నారు. మొదట సగం నవ్వుతూ అన్నారు. తర్వాత నవ్వు పోయి మాట మిగిలింది.

అక్కయమ్మ వెంకటగిరియప్ప ముఖం చూడలేకపోయింది. ఇంట్లో కట్టెలు అయిపోయినప్పుడు ఆ డిపో దాటి, తరగుపేట దాకా నడిచి, అక్కడినుంచి మోపు నెత్తిన పెట్టుకొని వచ్చింది. ఆమె అనుకున్నది అతన్ని తప్పించుకోవడం ఒక్కటే. సందులో వాళ్ళు చూసింది వేరు. మోసపోయిన ఇంటి ఆడమనిషే ఆ కాటాను నమ్మక అంత దూరం మోస్తోంది అనుకున్నారు. సొన్నమ్మ కూడా తరగుపేటకు పోవడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో ఇల్లు, ఆ వెనక సందుకు సందు. వెంకటగిరియప్ప డిపో ముందు కట్టెలు పేర్చింది పేర్చినట్టే ఎండుతూ కూర్చున్నాయి. అక్కయమ్మ దీన్ని తన కళ్ళతో చూసింది. చూసి కూడా తరగుపేటకే పోయింది. ఇప్పుడు ఆగితే ఎందుకు ఆగావని అడుగుతారని భయం.

లక్ష్మీనారాయణ బొంబాయిలో ఆఖరి పోటీలో ఓడి తిరిగొచ్చాడు. దొడ్డపేటలో నడిచిపోతుంటే అరుగుల మీది కుర్రకారు "కట్టెల పహిల్వాను వచ్చినాడప్పా, కాటా జరగండి" అని అరిచారు. గురప్ప అది విన్నాడు. ఆ రోజు మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో అక్కా తమ్ముడూ ఒకరికొకరు ఎదురుపడకుండా తిరిగారు. అశ్వత్థప్ప మాత్రం ఏమీ తెలియక, పోటీ పోయినందుకు ఇద్దరూ ఇంత బేజారు కావాలా అని మందలించేవాడు.

చివరికి వెంకటగిరియప్పే తెగించాడు. ఒక సాయంత్రం గరిడి ముందుకొచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా, నరసింహప్పను పిలిచి అందరూ వినేలా చెప్పాడు. వచ్చే శనివారం కాటాను బండిమీద ఇక్కడికే తెస్తాను, ఆంజనేయస్వామి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాను, గురప్ప కూడా ఆర్పి తానేమీ తాగలేదని చెప్పాలి, ఇద్దరిలో ఎవరిది అబద్ధమైతే వాళ్ళను స్వామి చూసుకుంటాడు అన్నాడు. న్యాయమే అన్నాడు నరసింహప్ప. గురప్ప తల ఊపాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కయమ్మ తమ్ముణ్ణి అడిగింది, ఏం చేస్తావని. ఆర్పుతా అన్నాడు. వెలిగే కర్పూరం మీద అరచెయ్యి మూసి అబద్ధం చెప్పినవాడి ఇల్లు నిలవదని ఆ పేటలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. గురప్పకూ తెలుసు. తెలిసే ఆర్పుతానన్నాడు.

శనివారం పొద్దున గరిడి ముందు జనం నిండిపోయారు. కాటాను దించి సమంగా పెట్టారు. స్వామి విగ్రహాన్ని వాకిట్లోకి తెచ్చి పీట మీద ఉంచారు. ఆడవాళ్ళు ఎదురు అరుగుల మీద నిలబడ్డారు. వెంకటగిరియప్ప చిక్కిపోయి ఉన్నాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించగానే, నా కాటాలో మోసం లేదు అని గట్టిగా చెప్పి, అరచేత్తో ఆర్పాడు. మళ్ళీ వెలిగించారు. నరసింహప్ప గురప్పను పిలిచాడు. గురప్ప ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

అరుగు దిగి అక్కయమ్మ జనం మధ్యలోకి నడిచింది. చేతిలో ఇత్తడి చెంబు, నిండా పాలు. తొణక్కుండా రెండు చేతులతో పట్టుకొని ఉంది.

"ముందు దీన్ని తూచండప్పా" అంది.

"పాలు అమ్మను వచ్చిందేమో చూడండ్రా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. గురప్ప నవ్వలేదు. "అక్కా, సుమ్నె ఉండు, ఏమీ అనద్దు, ఇంటికి పో" అన్నాడు మెల్లగా. ఆమె అతని వైపు తిరగలేదు. తిరిగితే నోరు పడిపోతుందని తెలుసు.

వెంకటగిరియప్ప ఆమెనూ చెంబునూ మార్చి మార్చి చూసి, చెంబు తీసుకొని కాటా మీద పెట్టాడు. బిళ్ళను జరిపి కడ్డీని నిలిపాడు. ఆమె చెంబు అందుకొని, పాలను స్వామి కాళ్ళ దగ్గరున్న గంగాళంలో వంచి, ఉత్త చెంబు మళ్ళీ ఇచ్చింది. అతను దాన్నీ తూచాడు. పాల బరువు రెండు పౌన్లు, పైన పిసరంత.

"ఆ పొద్దు నా తమ్ముడు ఇది తాగి వచ్చినాడు. వాడు వద్దనె. నేనే నిలబడి, చెంబు బోర్లించేదాకా తాపించినా. కాటాలో ఏమీ లేదు."

కర్పూరం దానంతటదే ఆరిపోయింది. వెంకటగిరియప్ప కడ్డీ మీద బిళ్ళను అటూ ఇటూ జరుపుతూ ఏదో లెక్క కట్టుకున్నాడు. తూచి బతికే మనిషి, ఆ లెక్క అతనికి దానంతటదే వచ్చింది.

"సగం తాగింటే నిలిచేవాడు" అన్నాడు.

ఆ మాటలో కక్ష లేదు. ఉండి ఉంటే అక్కయమ్మకు తేలికయ్యేది. తర్వాత అతను చెంబు ఆమె చేతికిస్తూ అడిగాడు.

"ఇన్ని దినాలు నా డిపో ముందునుంచే పోతాంటివి గదమ్మా. ఒక్కసారి లోపలికి వచ్చి చెప్పకపోతివే."

ఆమె చెంబు పట్టుకొని నిలబడింది. నరసింహప్ప గురప్ప వైపు తిరిగి, కక్కమన్నప్పుడు ఏమైందిరా నీకు అని అడిగాడు. దేవుని పాలు ఉస్తాదూ అన్నాడు గురప్ప. కక్కితే ఎవరిచ్చినారని మీరు అడుగుతారు గదా అన్నాడు. నరసింహప్ప అతని చెంప మీద ఒకటి కొట్టాడు. కొట్టిన చేత్తోనే తలపాగా దించుకొని ముఖం తుడుచుకున్నాడు. బళేపేటకు తానే పోయి లక్ష్మీనారాయణకు ఈ సంగతి చెప్పి, తీసుకొచ్చి ఈ మట్టిలో నిలబెడతానన్నాడు. గురప్పను దసరా దాకా గరిడి గడప తొక్కొద్దన్నాడు.

జనం వెళ్ళిపోతూ రకరకాలుగా అన్నారు. ఆడదాని చేతి ముద్ద దేశాన్నే ఓడించిందన్నారు. పాలక్కయమ్మ అని ఆ పూటే పేరు పెట్టారు. ప్రేమే గదా, పాపం అని సొన్నమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యే అన్నిటికన్నా బరువుగా తోచింది అక్కయమ్మకు.

ఇంటికి వస్తూ గురప్ప ఆమె పక్కనే నడిచాడు. సందు మలుపులో అతను అన్నాడు.

"నాకూ దప్పికగానే ఉండె అక్కా. నువ్వు చెంబు పట్టుకొని నిలబడకపోయింటే నేనే అడిగేవాణ్ణేమో. నీదే తప్పనుకోవద్దు."

సగం తప్పు తాను తీసుకోవాలని చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఇవ్వలేకపోయింది. సగం చెంబు దాకా అతని మాట నిజమే. అక్కడిదాకా దప్పిక అతనిది, భక్తి ఆమెది, అమ్మ ఆచారం ఇద్దరిదీ. మిగిలిన సగం వేరు.

దసరా కుస్తీలకూ, కరగ జాతర కుస్తీలకూ గురప్ప ఎన్నోసార్లు చెంబులో రెండు గుక్కలు వదిలేవాడు. అక్కయమ్మ నవ్వుతూ వాటిని తులసికోటలో పోసి, తన చేత్తోనే చెంబు బోర్లించేది. ఎప్పుడూ ఏ అరిష్టమూ జరగలేదు, ఎప్పుడూ మొత్తం తాగమని పట్టుబట్టలేదు. ఆ ఒక్క పొద్దే పట్టుబట్టింది. తమ్ముడు చెంబు దించి చాలక్కా అన్నప్పుడు ఆమె కళ్ళముందు ఓడ కదిలింది. చూడని ఓడ, చిక్కమునియప్ప ఎక్కిన ఓడ. అప్పుడే తాగప్పా, మొత్తం తాగు అన్న మాట నోట్లోంచి వచ్చింది. ఓడ ముందు వచ్చిందా, మాట ముందు వచ్చిందా అని ఆమె తర్వాత ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. మాటే ముందు వచ్చిందని నమ్మడానికి చూసింది. నమ్మకం కుదరలేదు.

ఆ పెద్దాయన కాటాలో ఒక పౌను వదలనన్నాడు. అందరికీ ఒకటే అన్నాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా అక్కయమ్మకు ఎవరినైనా తిట్టుకునే దారి కూడా దొరకదు. నియమం వంకరది కాదు, కాటా వంకరది కాదు. లక్ష్మీనారాయణ బొంబాయిలో ఓడిపోయాడు కాబట్టి గురప్ప కూడా ఓడేవాడేమో. అశ్వత్థప్ప ఆమెను ఓదార్చడానికి ఈ మాట చాలాసార్లు అన్నాడు. ఓడింటే ఓడేవాడు. ఆ ఓటమి వాడిది అయ్యేది. ఇప్పుడు వాడికి అది కూడా లేదు.

గడప దగ్గర తాగిన పాల సంగతి పేటంతటికీ తెలుసు. ఓడ సంగతి మాత్రం ఆమె గురప్పకు చెప్పలేదు. చెప్పబోయిన రోజులున్నాయి. ప్రతిసారీ అతను ఏదో ఒక మంచి మాట ముందుగా అనేవాడు, ఆమె నోరు మూసుకునేది.

దసరా దాటాక గురప్ప మళ్ళీ గరిడికి పోయాడు. లక్ష్మీనారాయణ వచ్చి అదే మట్టిలో అతనితో కుస్తీ పట్టాడు. పొద్దుపోయేదాకా ఎవరూ ఎవరినీ పడేయలేదు, నరసింహప్ప ఇద్దరి చేతులూ పైకెత్తాడు. ఆ రోజు గురప్ప ఇంటినుంచి బయల్దేరుతుంటే అక్కయమ్మ ఉత్త చెంబూ పాల గిన్నే పట్టుకొని గడప దగ్గరికి వచ్చి, చెంబు నింపకుండా, "పొయ్యనా?" అని అడిగింది. గురప్ప ఎన్నడూ వినని ప్రశ్న. కొంచెం చాలు అన్నాడు. ఆమె కొంచెమే పోసింది.

ఇప్పుడు అక్కయమ్మ కబ్బన్‌పేటలో అదే ఇంట్లో ఉంది, మొగుడి మగ్గానికీ తమ్ముడి మగ్గానికీ కండెలు చుడుతుంది. కట్టెలు వెంకటగిరియప్ప డిపోలోనే కొంటుంది.